ఎంబీఏ ప్రవేశ పరీక్షల ఎంపిక: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంత అభ్యర్థులు, గల్ఫ్ కుటుంబాలు

ఎంబీఏ చదవాలనుకునే అభ్యర్థి ఒక దేశంలో, చేరాలనుకునే కళాశాల మరో దేశంలో ఉన్నప్పుడు ఏ ప్రవేశ పరీక్ష రాయాలన్నది ఉత్తర తెలంగాణలో చాలా ఇళ్లలో తలెత్తే సమస్య. ఇక్కడ ప్రధానంగా వినిపించే పేర్లు నాలుగు: ఐసెట్, క్యాట్, జీమ్యాట్, జీఆర్‌ఈ. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరు 11న ప్రధానంగా ఎనిమిది జిల్లాలుగా విడిపోయాయి. వాటిలో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, నిర్మల్ జిల్లాల నుంచి దశాబ్దాలుగా గల్ఫ్‌కు వలస సాగుతోంది. కోరుట్ల, మెట్‌పల్లి, వేములవాడ, ఖానాపూర్ చుట్టుపక్కల గల్ఫ్‌తో సంబంధం లేని ఊరు దొరకడం కష్టం. మరోవైపు కరీంనగర్, గోదావరిఖని, మంచిర్యాల పట్టణాల్లో ఉద్యోగుల, సింగరేణి కార్మికుల, వ్యాపారుల పిల్లలు అమెరికా, బ్రిటన్, జర్మనీ బాట పడుతున్నారు.

కాబట్టి ఈ ప్రాంతంలో సరిహద్దు దాటి దరఖాస్తు చేసేవారు రెండు రకాలు. దుబాయ్‌లోనో రియాద్‌లోనో ఉండి మన దేశంలో ఎంబీఏ సీటు కోసం చూసేవారు కొందరు. వీరిలో అక్కడే చిన్న ఉద్యోగం చేస్తున్న డిగ్రీ పట్టభద్రులూ ఉంటారు, తల్లిదండ్రులతో పాటు అక్కడే పెరిగిన పిల్లలూ ఉంటారు. జగిత్యాలలోనో ఆదిలాబాద్‌లోనో ఉండి విదేశీ బిజినెస్ స్కూలుకు దరఖాస్తు పెట్టేవారు మరికొందరు. కోచింగ్ సెంటర్లలో ఈ ఇద్దరికీ ఒకే సలహా దొరుకుతుంది: ఏది సులువైతే అది రాయమని. ఈ సలహా వల్ల జరిగిన నష్టం తక్కువది కాదు. పరీక్ష ఎంత కష్టమన్నది చివరన చూసుకోవలసిన సంగతి. దానికంటే ముందు తేల్చుకోవలసినవి ఉన్నాయి: ఏ దేశపు కళాశాల, చేతిలో ఏ దేశపు పాస్‌పోర్టు, తెలంగాణ నిబంధనల ప్రకారం స్థానికుడా కాదా, పరీక్ష రోజున ఎక్కడ ఉంటాడు, స్కోరును ఎన్నేళ్ల తర్వాత వాడుకుంటాడు. వీటికి జవాబులు రాసుకుంటే నాలుగు పరీక్షల్లో రెండు వాటంతటవే పక్కకు పోతాయి.

ఐసెట్

ఐసెట్ రాష్ట్ర స్థాయి పరీక్ష. ఎంబీఏ, ఎంసీఏ కోర్సులకు ఉమ్మడిది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వేర్వేరుగా నిర్వహిస్తున్నాయి. తెలంగాణ ఐసెట్ బాధ్యతను చాలా ఏళ్లు వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం మోసింది. 2025లో నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం నిర్వహించింది. మొత్తం 200 ప్రశ్నలు, 200 మార్కులు, 150 నిమిషాలు. విశ్లేషణ సామర్థ్యానికి 75, గణితానికి 75, ఇంగ్లిష్ భాషా నైపుణ్యానికి 50 మార్కులు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. అర్హత మార్కు 25 శాతం, అంటే 50. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కనీస మార్కు లేదు. కరీంనగర్, ఆదిలాబాద్, మంచిర్యాల వంటి పట్టణాల్లో కేంద్రాలు ఉంటాయి. 2025లో రుసుము 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 550.

ఈ నాలుగింటిలో తెలుగులో ప్రశ్న చదువుకునే వీలున్నది ఐసెట్‌లో మాత్రమే. భాషా నైపుణ్య విభాగం మినహా మిగతా ప్రశ్నలు ఇంగ్లిష్‌తో పాటు తెలుగులో గానీ ఉర్దూలో గానీ కనిపిస్తాయి. తెలుగు మాధ్యమంలో పదో తరగతి వరకు చదివి, కరీంనగర్ ఎస్సారార్ కళాశాలలోనో నిర్మల్‌లోనో డిగ్రీ చేసిన విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. ఆ విద్యార్థికి లెక్క తెలుసు, తర్కం తెలుసు, ప్రశ్నలోని ఇంగ్లిష్ వాక్యమే అడ్డం. ఐసెట్‌లో ఆ అడ్డం మూడు వంతులు తొలగిపోతుంది. కన్వీనర్ కోటాలో సీటు వస్తే అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారికి అది లేదు. 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయంలోనూ, కాకతీయ, ఉస్మానియా పరిధి కళాశాలల్లోనూ ఎంబీఏ చేయాలనుకునేవారు మరో పరీక్ష గురించి ఆలోచించనక్కరలేదు.

గల్ఫ్‌లో ఉన్నవారికి ఐసెట్‌తో రెండు చిక్కులు. మొదటిది, విదేశాల్లో పరీక్ష కేంద్రం లేదు. పరీక్ష సాధారణంగా మే, జూన్ నెలల్లో జరుగుతుంది. 2024లో జూన్ 5, 6 తేదీల్లో, 2025లో జూన్ 8, 9 తేదీల్లో జరిగింది. గల్ఫ్ పాఠశాలలకు సెలవులిచ్చే కాలానికి కాస్త ముందుగా ఇది పడుతుంది. అప్పటికే విమాన టికెట్ల ధరలు పెరిగి ఉంటాయి.

రెండో చిక్కు స్థానికత. దీన్ని చాలా కుటుంబాలు కౌన్సెలింగ్ రోజున గానీ గుర్తించవు. తెలంగాణ వృత్తివిద్యా కళాశాలల్లో 85 శాతం సీట్లు స్థానికులకే. అర్హత పరీక్షకు ముందు వరుసగా కొన్నేళ్లు ఇక్కడ చదివారా, లేదంటే ఇక్కడ నివసించారా అన్నదాన్ని బట్టి స్థానికత నిర్ణయమవుతుంది. మస్కట్‌లో ఇంటర్, డిగ్రీ పూర్తిచేసిన మెట్‌పల్లి అమ్మాయి రేషన్ కార్డు, ఓటరు కార్డు, తాతల నాటి ఇల్లు అన్నీ చూపినా ఈ లెక్కలో నిలవకపోవచ్చు. మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లకు మాత్రం దారి ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉంటే, రాష్ట్రం బయట ఉద్యోగం చేసిన కాలాన్ని మినహాయించి లెక్కిస్తే, ఆ అభ్యర్థి ఆ సీట్లకు పోటీ పడవచ్చు. తండ్రి దుబాయ్ వెళ్లకముందు ఊళ్లో గడిపిన ఏళ్లకు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం ఇక్కడ అక్కరకొస్తుంది. పరీక్షకు దరఖాస్తు పెట్టిన రోజే ఆ పత్రానికీ దరఖాస్తు పెట్టడం మంచిది.

పరీక్షతో పాటు తెలుసుకోవలసిన మరో దారి ఉంది. ఏఐసీటీఈ ఆమోదంతో విద్యాసంస్థలు మంజూరైన సీట్లకు అదనంగా 15 శాతం వరకు సీట్లను విదేశీ పౌరులకు, ఓసీఐ కార్డు ఉన్నవారికి, గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు కేటాయించవచ్చు. అందులో మూడో వంతు గల్ఫ్ కార్మికుల పిల్లలది. అయితే అన్ని కళాశాలలూ ఈ అనుమతి తీసుకోవు. ఎన్‌ఐటీల్లో బీటెక్‌కు డాసా పథకం కింద గల్ఫ్ కార్మికుల పిల్లలకు స్వదేశీ విద్యార్థులతో సమానమైన ట్యూషన్ ఫీజుతో సీట్లు ఇస్తారని చాలామందికి తెలుసు. అలాంటి వెసులుబాటు మేనేజ్‌మెంట్ కళాశాలల్లోనూ ఉండవచ్చన్న సంగతి మన ఊళ్లలో తెలిసినవారు తక్కువ.

క్యాట్

ఐఐఎంలు వంతులవారీగా నిర్వహించే ఈ పరీక్ష 2009 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. సాధారణంగా నవంబరు చివరి ఆదివారం, ఒక్క రోజే. 2020 నుంచి వ్యవధి 120 నిమిషాలు. ఇంగ్లిష్, డేటా తర్కం, గణితం విభాగాలకు తలా 40 నిమిషాలు. సరైన జవాబుకు 3 మార్కులు, తప్పు ఎంపికకు 1 మార్కు కోత. ఆప్షన్లు లేకుండా అంకె టైపు చేసే ప్రశ్నలకు కోత ఉండదు. స్కోరు ఒక్క ప్రవేశ సంవత్సరానికే చెల్లుతుంది. తెలంగాణలో ఐఐఎం లేకపోయినా హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, వరంగల్ ఎన్‌ఐటీ మేనేజ్‌మెంట్ విభాగాలు క్యాట్ స్కోరును తీసుకుంటాయి.

ఆదిలాబాద్ అభ్యర్థులకు ఒక సూచన. హైదరాబాద్ వారికి సుమారు 300 కిలోమీటర్ల దూరం. 44వ జాతీయ రహదారి మీదే ఉన్న నాగపూర్ సుమారు 200 కిలోమీటర్లు. క్యాట్ దేశమంతటికీ ఒకే పరీక్ష కాబట్టి మహారాష్ట్రలో రాసినా తేడా లేదు. పైగా నాగపూర్‌లో 2015 నుంచి ఐఐఎం ఉంది. కరీంనగర్, వరంగల్ పట్టణాలు కూడా ఇటీవలి సంవత్సరాల్లో క్యాట్ కేంద్రాల జాబితాలో కనిపించాయి. ఆ జాబితా ఏటా మారుతుంది గనుక ఆగస్టులో దరఖాస్తులు మొదలైన వెంటనే చూసుకోవాలి.

గల్ఫ్‌లో ఉద్యోగం చేసేవారికి క్యాట్ నిజంగా కఠినం. ప్రశ్నలకంటే క్యాలెండరే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కేంద్రాలన్నీ భారతదేశంలోనే ఉన్నాయి. సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్ దేశాల్లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం పని దినం. సూపర్‌వైజర్‌గానో అకౌంటెంట్‌గానో పనిచేసే కుర్రవాడికి రెండేళ్లకోసారి దొరికే సెలవు నవంబరు చివరి వారంలో పడాలి. జ్వరం వచ్చిందనో విమానం ఆలస్యమైందనో ఆ ఆదివారం తప్పితే ఏడాది పోయినట్టే. ప్రయత్నం మీద ప్రయత్నం చేసి పర్సంటైల్ పెంచుకోవడం క్యాట్‌లో మామూలే. కానీ గల్ఫ్ నుంచి ప్రతి ప్రయత్నానికీ రానుపోను టికెట్ కొనాలి.

విదేశీ పౌరులు క్యాట్ బదులు జీమ్యాట్ స్కోరుతో దరఖాస్తు చేసే వీలు పలు ఐఐఎంల్లో ఉంది. భారతీయ పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో ఉంటున్న వ్యక్తి ఈ వీలు తనకూ వర్తిస్తుందని ముందే అనుకోకూడదు. విదేశీ అభ్యర్థిగా ఎవరిని పరిగణిస్తారన్నది సంస్థను బట్టి మారుతుంది. ఆ ఏటి ప్రవేశ ప్రకటన చదివి, అనుమానం ఉంటే ప్రవేశాల కార్యాలయానికి ఈమెయిల్ పంపి, రాతపూర్వక జవాబు దగ్గర పెట్టుకోవాలి. పనిలో కొన్నేళ్ల అనుభవం సంపాదించినవారికి దీనికంటే సూటి దారి ఉంది. అహ్మదాబాద్, బెంగళూరు, కోల్‌కతా ఐఐఎంలు నడిపే ఏడాది కోర్సులకు జీమ్యాట్ స్కోరుతో దరఖాస్తు చేయవచ్చు. 2001లో గచ్చిబౌలిలో మొదలైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఏడాది కోర్సుకు జీమ్యాట్ గానీ జీఆర్‌ఈ గానీ కావాలి, కనీసం రెండేళ్ల ఉద్యోగానుభవం ఉండాలి. దోహాలో నాలుగేళ్లు పనిచేసి తిరిగి వద్దామనుకునే పట్టభద్రుడు క్యాట్ వెంట పడటం కంటే ఈ వైపు చూడటం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

జీమ్యాట్, జీఆర్‌ఈ

జీమ్యాట్ 1954లో వేరే పేరుతో మొదలైంది. బిజినెస్ స్కూళ్ల కోసమే పుట్టిన పరీక్ష ఇది. 2023 నవంబరులో దీని స్వరూపం మారింది. పాత పద్ధతి 2024 జనవరి 31తో ముగిసింది. ఇప్పుడు గణితం, వెర్బల్, డేటా ఇన్‌సైట్స్ అనే మూడు విభాగాలు, ఒక్కోదానికి 45 నిమిషాలు, మొత్తం 64 ప్రశ్నలు. స్కోరు 205 నుంచి 805 వరకు. వ్యాసరచన, రేఖాగణితం, వాక్య సవరణ ప్రశ్నలు తీసేశారు. పాత పుస్తకాలు ఇంకా చేతులు మారుతున్నాయి. 800కు స్కోరు లెక్కించే పుస్తకం ఏదైనా పాతదేనని గుర్తించాలి. ఏ విభాగం ముందు రాయాలో అభ్యర్థే ఎంచుకోవచ్చు. ఒక్కో విభాగంలో మూడు జవాబుల వరకు మార్చుకోవచ్చు.

జీఆర్‌ఈ అన్ని రకాల పీజీ కోర్సులకు పనికొచ్చే పరీక్ష. బిజినెస్ స్కూళ్లలో స్టాన్‌ఫర్డ్ 2006లో, హార్వర్డ్ 2009లో దీన్ని అంగీకరించడంతో మిగతావీ ఆ దారి పట్టాయి. 2023 సెప్టెంబరు నుంచి నిడివి దాదాపు రెండు గంటలకు తగ్గింది. వెర్బల్, గణితం విభాగాలకు తలా 130 నుంచి 170 వరకు స్కోరు ఇస్తారు. ఒక వ్యాసం కూడా రాయాలి. రెండు పరీక్షల స్కోర్లూ ఐదేళ్లు చెల్లుతాయి. పన్నెండు నెలల్లో ఐదుసార్ల వరకు రాయవచ్చు. ప్రయత్నాల మధ్య జీమ్యాట్‌కు 16 రోజులు, జీఆర్‌ఈకి 21 రోజుల ఎడం ఉండాలి.

ఈ రెండింటిలో ఏది? ఎంబీఏ ఒక్కటే లక్ష్యమైతే జీమ్యాట్. ఎంబీఏతో పాటు బిజినెస్ అనలిటిక్స్, డేటా సైన్స్, ఇన్‌ఫర్మేషన్ సిస్టమ్స్ ఎంఎస్ కోర్సులకూ దరఖాస్తు పెట్టేవారికి జీఆర్‌ఈ ఒక్కటి చాలు. కరీంనగర్ నుంచి వెళ్లేవారిలో ఎక్కువమంది ఈ రెండో రకమే కాబట్టి వారికి జీఆర్‌ఈ సహజంగా అమరుతుంది. అంతకుమించి తేడా అభ్యర్థి చదువు నేపథ్యంలో ఉంది. జీఆర్‌ఈ వెర్బల్ పదసంపద మీద నిలబడుతుంది. ఇంగ్లిష్ పుస్తకాలు చదివే అలవాటు లేనివారికి నెలల తరబడి పదాలు బట్టీపట్టక తప్పదు. జీమ్యాట్ వెర్బల్‌లో పదాలు మామూలువే. పేరా చదివి అందులోని వాదన ఎక్కడ బలహీనంగా ఉందో పట్టుకోవాలి. తెలుగు మాధ్యమం వాళ్లకు జీఆర్‌ఈ కష్టమని, జీమ్యాట్ ఇంకా కష్టమని హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఒక మాట తిరుగుతుంటుంది. కానీ నెమ్మదిగా చదివినా ఆలోచనలో పదునున్న విద్యార్థికి జీమ్యాట్ వెర్బలే అనుకూలం. గణితంలో జీఆర్‌ఈ తేలిక, తెరపై క్యాలిక్యులేటర్ కూడా ఇస్తుంది. జీమ్యాట్‌లో డేటా ఇన్‌సైట్స్ విభాగంలో మాత్రమే క్యాలిక్యులేటర్ ఉంటుంది.

ఐసెట్‌కు చదివినవారికి తమకు తెలియకుండానే ఒక మేలు జరిగి ఉంటుంది. ఐసెట్ విశ్లేషణ విభాగంలో 20 ప్రశ్నలు డేటా సఫిషియెన్సీవి. లెక్క చేయనక్కరలేదు, ఇచ్చిన సమాచారం లెక్క తేల్చడానికి సరిపోతుందా లేదా చెబితే చాలు. జీమ్యాట్ డేటా ఇన్‌సైట్స్‌లో ఇదే రకం ప్రశ్నలు ఉంటాయి. క్యాట్‌కు మాత్రమే సిద్ధమైనవారిని తికమకపెట్టే ఈ పద్ధతి కరీంనగర్ ఐసెట్ విద్యార్థికి పాత పరిచయం. ఐసెట్ రాసి రాష్ట్రంలో సీటు భద్రం చేసుకుని, అదే ఊపులో జీమ్యాట్ రాసి ఐదేళ్లు దాచుకోవడం తెలివైన పని.

స్కోరు ఐదేళ్లు చెల్లడం గల్ఫ్ ఉద్యోగికి నిజమైన వరం. దుబాయ్, రియాద్, కువైట్ వంటి నగరాల్లోనే కేంద్రాలున్నాయి. శనివారమో మరో సెలవు రోజో చూసి స్లాట్ తీసుకోవచ్చు. ఇంట్లో కూర్చొని రాసే ఆన్‌లైన్ పద్ధతి కూడా రెండు పరీక్షలకూ ఉంది. కానీ దానికి ఎవరూ అడుగుపెట్టని గది, ఆగని ఇంటర్నెట్ ఉండాలి. ఒకే గదిలో ఐదారుగురు ఉండే బ్యాచిలర్ వసతుల్లో, లేబర్ క్యాంపుల్లో అది కుదిరే పని కాదు. అక్కడ ఉన్నవారు కేంద్రానికి వెళ్లి రాయడమే మంచిది. కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లు హైదరాబాద్ వెళ్లి రాస్తుంటారు. కరీంనగర్ నుంచి అది సుమారు 165 కిలోమీటర్లు. పొద్దున స్లాట్ అయితే ముందు రోజే చేరుకోవాలి. పాస్‌పోర్టులోని పేరు, దరఖాస్తులోని పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటిగా ఉండాలి. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. ఈ కారణంతో పరీక్ష గది గుమ్మం దాకా వెళ్లి డబ్బు పోగొట్టుకోవాల్సి వస్తుంది.

డబ్బు, డిగ్రీ, ఉపకార వేతనం

జీమ్యాట్ రుసుము కేంద్రంలో రాస్తే 275 డాలర్లు, ఆన్‌లైన్‌లో 300 డాలర్లు. రూపాయల్లో ఇరవై వేలు దాటుతుంది. దీనికి ఇంగ్లిష్ పరీక్ష తోడవుతుంది. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి గనుక వీటిని చివర్లో రాయాలి. జీమ్యాట్ ముందు, ఇంగ్లిష్ పరీక్ష తర్వాత.

ఇంత ఖర్చు పెట్టే ముందు డిగ్రీ ఎన్నేళ్లదో చూసుకోవాలి. మూడేళ్ల బీకాం, బీఎస్సీని కొన్ని విదేశీ బిజినెస్ స్కూళ్లు అంగీకరిస్తాయి, కొన్ని నాలుగేళ్ల డిగ్రీయే అడుగుతాయి. పేరున్న అమెరికన్ ఎంబీఏల్లో చేరేవారికి సగటున ఐదేళ్ల అనుభవం ఉంటుంది. డిగ్రీ అయిన వెంటనే వెళ్లేవారికి యూరప్‌లోని మేనేజ్‌మెంట్ మాస్టర్స్ కోర్సులు సరిపోతాయి. బ్రిటన్‌లో చాలా కోర్సులకు జీమ్యాట్ అడగరు.

అడగలేదని రాయకపోవడం అన్నివేళలా లాభం కాదు. తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరిట, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట విదేశీ విద్యానిధి పథకాలను, మైనారిటీలకు ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకాన్ని నడుపుతోంది. ఎంపికైన వారికి 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. కుటుంబ వార్షికాదాయం 5 లక్షలు దాటకూడదు. ఎంపికలో డిగ్రీ మార్కులతో పాటు జీఆర్‌ఈ లేదా జీమ్యాట్, ఇంగ్లిష్ పరీక్ష స్కోర్లకూ వెయిటేజీ ఉంటుంది. విశ్వవిద్యాలయం మినహాయించిన పరీక్షే ఇక్కడ విద్యార్థిని ముందుకు తెస్తుంది. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడి బిడ్డకైనా, ఉట్నూరు గిరిజన విద్యార్థికైనా ఇరవై లక్షల సాయం ముందు ఇరవై వేల పరీక్ష రుసుము పెద్దది కాదు. ఆ ఇరవై వేలు చేతిలో లేక ఆగిపోతున్నవారు ఉన్నారన్నదే అసలు బాధ. పథకాల్లో పరీక్ష రుసుమును కూడా చేర్చడం న్యాయం.

విదేశీ కేంద్రాలు లేని లోటు

నీట్ పరీక్షను 2021లో కువైట్, దుబాయ్‌లలో కూడా నిర్వహించారు. జేఈఈ మెయిన్‌కు గల్ఫ్ నగరాల్లో కేంద్రాలు ఉన్నాయి. డాక్టర్, ఇంజినీర్ కావాలనుకునే ప్రవాసుల పిల్లలకు ఉన్న ఈ వీలు ఎంబీఏ చదవాలనుకునేవారికి లేదు. క్యాట్‌కూ లేదు, ఐసెట్‌కూ లేదు. రెండూ కంప్యూటర్ పరీక్షలే కాబట్టి సాంకేతికంగా అడ్డంకి చెప్పలేం. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం, వారి పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం ప్రకటించింది. చావు తర్వాత ఆదుకునే చేయి బతికి ఉన్నవారి చదువుకు కూడా అందాలి. తెలంగాణ ఉన్నత విద్యామండలి దుబాయ్‌లో ఒకటి, రియాద్‌లో ఒకటి ఐసెట్ కేంద్రం తెరవాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రజాప్రతినిధులు ఈ కోరికను మండలి ముందు పెట్టాలి.